హన్నిబాల్ కాలం తారెంటమ్ వెండి నాణేన్ని గుర్తుపట్టడం ఎలా: ముందు తూకం, తర్వాతే బొమ్మ

ఒకవైపు గుర్రం మీద ఒక కుర్రాడు, ఇంకోవైపు డాల్ఫిన్ వీపు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఇంకో కుర్రాడు. పాత నాణేలమ్మే ఆన్‌లైన్ వేలాల్లోకి ఎప్పుడు తొంగిచూసినా ఈ బొమ్మలున్న వెండి నాణేలు కనిపిస్తూనే ఉంటాయి. దక్షిణ ఇటలీలో తారాస్ అనే గ్రీకు నగరం వీటిని కొట్టింది. రోమన్లు ఆ ఊరిని తారెంటమ్ అన్నారు, ఇప్పుడు తరాంతో అంటున్నారు. రెండు వందల ఏళ్లకు పైగా ఆ ఊరివాళ్లు పెద్దగా బొమ్మలు మార్చలేదు కాబట్టి ఇలాంటివి బోలెడన్ని దొరుకుతాయి. కానీ చివరి మూడేళ్లవి, అంటే క్రీ.పూ. 212 నుంచి 209 దాకా రోమ్‌తో యుద్ధంలో ఉన్న ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్ సేనాని హన్నిబాల్ చెప్పుచేతల్లో ఆ ఊరు ఉన్నప్పుడు కొట్టినవి, అరుదు. వాటి మీదా అదే గుర్రం, అదే డాల్ఫిన్. ఫోటో చూసి వాటిని వేరు చేయడం కొత్తవాళ్లకు సాధ్యం కాదు, నాకూ మొదట్లో కాలేదు. తక్కెడలో వేస్తే మాత్రం అర నిమిషంలో తేలిపోతుంది.

కాబట్టి ఇది కొనబోయేవాళ్ల కోసం, ఆల్రెడీ కొనేసి ఇప్పుడు టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం, ఊరికే మ్యూజియం వెబ్‌సైట్లలో చూసి ఆనందించేవాళ్ల కోసం కూడా. నేను నేర్చుకున్న వరుసలోనే చెబుతాను. ఆ వరుసకు ఒక కారణం ఉంది, ముందుకెళ్లాక మీకే తెలుస్తుంది.

మొదట ఒక మంచి తక్కెడ

నగల దుకాణంలో వాడే డిజిటల్ తక్కెడ లాంటిది ఒకటి కొనండి. కనీసం 0.01 గ్రాము చూపించాలి, 0.001 చూపించేదైతే ఇంకా మేలు, ఎందుకో తర్వాత చెబుతాను. వంటింట్లో పిండి తూచే తక్కెడ ఇక్కడ పనికిరాదు. ఇంకో వంద రూపాయలో పది డాలర్లో పెట్టి, తక్కెడ సరిగ్గా ఉందో లేదో చూసుకునే చిన్న తూకపు రాయి కూడా తెచ్చుకోండి. బ్యాటరీ దిగిపోతున్నప్పుడు ఈ తక్కెడలు హాయిగా అబద్ధం చెబుతాయి.

ఇప్పుడు అంకెలు. ఈ నాలుగైదు అంకెలు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

తారెంటమ్ వాళ్ల అసలు పెద్ద వెండి నాణెం పేరు నోమోస్. పాత రోజుల్లో అది 7.8 గ్రాములు, కాస్త అటూ ఇటూ. క్రీ.పూ. 280 ప్రాంతంలో, ఎపిరస్ రాజు పిర్రస్ రోమ్ మీద యుద్ధానికి వచ్చిన రోజుల్లో, దాన్ని 6.5 గ్రాముల దగ్గరకు తగ్గించారు. అటు కార్తేజ్ వాళ్ల లెక్క షెకెల్‌లో ఉంటుంది. షెకెల్ అంటే సుమారు 7.2 గ్రాములు, అరషెకెల్ 3.6, పావు షెకెల్ 1.8. హన్నిబాల్ కాలంలో తారెంటమ్‌లో కొట్టిన గుర్రం-డాల్ఫిన్ నాణెం ఎంత తూగుతుందంటే, 3 గ్రాముల పైన, 4 లోపు. మన తులంలో మూడో వంతు, కాస్త అటూ ఇటూ. అంటే ఏం జరిగిందన్నమాట? బొమ్మ గ్రీకు వాళ్లది, పేరు గ్రీకు వాళ్లది, తూకం మాత్రం కార్తేజ్‌ది. ఊరు ఎవరి చేతిలో ఉందో బొమ్మ దాచింది గానీ తూకం దాచలేకపోయింది.

అందుకే వరుస ఇలా. గుర్రం మీద రౌతు ఉన్న తారెంటమ్ నాణెం 6 గ్రాముల పైన ఉంటే అది హన్నిబాల్‌ది కాదు, ఆపేయండి. 3.3, 3.5, 3.8 ఇలా ఉంటే కూర్చోండి, ఇప్పుడు చూద్దాం.

మధ్యలో 5 గ్రాములో 4.7 గ్రాములో వస్తే? అది ఎక్కువసార్లు పైన వెండి రేకు, లోపల రాగి ఉన్న పాతకాలపు దొంగ నాణెం అయి ఉంటుంది. అప్పట్లోనూ దొంగలున్నారు మరి. అంచు దగ్గర ఎక్కడో పచ్చగా చిలుం కనిపిస్తుంది, లేదా పైపొర లేచి ఎర్రటి రాగి తొంగిచూస్తుంది. వాటిని కూడా ఇష్టపడి కొనేవాళ్లున్నారు, అది వేరే పిచ్చి.

అడ్డంగా కొలవండి

తూకం ఒక్కటే చాలదు. బాగా అరిగిపోయినదో, అంచు కత్తిరించినదో అయితే పాత నోమోస్ కూడా తేలికగా తూగొచ్చు. అందుకే వెర్నియర్ క్యాలిపర్ (ప్లాస్టిక్‌దే వాడండి, ఇనుపదైతే గీతలు పడతాయి) పెట్టి వెడల్పు చూడండి. నోమోస్ 20 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, మన అరషెకెల్ 17, 18 దగ్గర ఆగుతుంది. ఈ బిళ్లలు గుండ్రంగా ఉండవు, పిల్లలు వత్తిన అప్పడాల్లా ఒక పక్క సాగి ఉంటాయి, కాబట్టి రెండు మూడు చోట్ల కొలిచి పెద్దది రాసుకోండి.

ఒక తికమక ముందే తీర్చేస్తాను. తారెంటమ్‌లో అంతకు ముందే సగం బరువు నాణెం ఒకటి ఉండేది, ద్రక్మ అని. అదీ మూడు గ్రాముల పైనే. కానీ దాని మీద ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఎథీనా దేవత తల, ఇంకోవైపు గుడ్లగూబ. గుర్రం బొమ్మ పెద్ద నాణేనికి మాత్రమే వేసేవాళ్లు. అంటే గుర్రం బొమ్మ వేసి సగం బరువుకే కొట్టడం అన్నది ఈ చివరి రోజుల పని. కొన్ని వేలం కేటలాగుల్లో దీన్ని అరషెకెల్ అంటారు, కొన్నింట్లో తగ్గించిన నోమోస్ అంటారు, ద్రక్మ అని రాసేవాళ్లూ ఉన్నారు. వెతికేటప్పుడు మూడు పేర్లతోనూ వెతకండి, లేకపోతే సగం నాణేలు మీ కంట్లో పడవు.

ఇప్పుడు బొమ్మ చూడండి

పగటి వెలుగులో, కిటికీ పక్కన, పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దంతో. పైనుంచి ట్యూబ్‌లైట్ వెలుగు పడితే ఎత్తుపల్లాలు చచ్చిపోతాయి, వెలుగు పక్కనుంచి రావాలి. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోండి, కింద మెత్తటి తువ్వాలు పరుచుకోండి. పరుపు మీద కూర్చుని చూస్తే ఇంకా క్షేమం.

డాల్ఫిన్ మీద కూర్చున్నవాడు తారాస్, సముద్ర దేవుడు పొసైడన్ కొడుకు, ఊరికి పేరు ఆయనదే. చేతిలో త్రిశూలం ఉండొచ్చు, ఇంకేదైనా వస్తువు ఉండొచ్చు. కింద గానీ పక్కన గానీ అయిదు అక్షరాల్లో అతని పేరు ఉంటుంది. గ్రీకు రాదని భయపడకండి. మొదటిది ఇంగ్లిష్ టీ, రెండోది ఏ, మూడోది చూడ్డానికి పీ లాగా ఉన్నా దాన్ని ర అని చదవాలి, మళ్లీ ఏ, చివరిది ఇంగ్లిష్ ఎమ్‌ను పక్కకు తిప్పి నిలబెట్టినట్టుండే సిగ్మా, అది స. అంతే, తారాస్. మా అబ్బాయి రెండో క్లాసులో ఉన్నప్పుడే చదివేశాడు.

గుర్రం వైపు ఇంకో పేరు ఉంటుంది. అది ఊరి అధికారిది, ఎవరి హయాంలో నాణెం కొట్టారో ఆ మనిషిది. హన్నిబాల్ కాలం వాటి మీద కనిపించే పేర్లు సోగెనెస్, క్రితోస్, ఫిలియార్ఖోస్, సేరాంబోస్, సోకన్నాస్. ఈ పేర్లలో ఒకటి, మూడున్నర గ్రాముల బరువు, రెండూ కుదిరితే మీరు దాదాపు ఒడ్డున పడ్డట్టే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఊరు హన్నిబాల్ చేతిలో ఉంది, కానీ నాణెం మీద అతని పేరు లేదు, తల లేదు, కార్తేజ్ లిపి ఒక్క ముక్క లేదు, పాత బొమ్మా పాత లిపే. ఊళ్లోకి వచ్చినప్పుడు తారెంటమ్ ప్రజలకు స్వేచ్ఛ ఇస్తాననీ, మీ చట్టాలు మీవేననీ హన్నిబాల్ మాటిచ్చాడు. ఆ మాట నాణెం మీద నిలబెట్టుకున్నట్టే ఉంది, సైన్యం జీతాల లెక్కలో మాత్రం కాదు. లిబియా వాళ్లూ, నుమిడియా రౌతులూ, స్పెయిన్ వాళ్లూ, గాల్ తెగలవాళ్లూ కలిసిన ఆ సైన్యం ఇటలీలో అప్పటికి ఆరేళ్లుగా తిరుగుతోంది, వాళ్లకు తెలిసిన లెక్క షెకెల్ లెక్క.

ఊరు ఎలా చేతికొచ్చిందో కూడా చెప్పుకోవాలి, భలే కథ. ఫిలెమెనోస్ అనే కుర్రాడు రోజూ రాత్రి వేటకని బయటికెళ్లి, తిరిగొస్తూ కోట ద్వారం దగ్గర కాపలావాళ్లకు మాంసం పంచేవాడు. అలా అలవాటు చేశాక ఒక రాత్రి పెద్ద అడవిపందిని మోసుకొచ్చాడు. కాపలావాడు ఆ పందిని చూసి ముచ్చటపడి వంగి తడుముతుంటే పొడిచేశారు, వెనకే హన్నిబాల్ మనుషులు లోపలికొచ్చారు. ఊరు పడింది గానీ లోపలి కోట మాత్రం రోమన్ల చేతిలోనే ఉండిపోయింది. ఆ కోట సరిగ్గా రేవు మూతి మీద ఉంటుంది కాబట్టి ఊరివాళ్ల ఓడలు లోపలే చిక్కుకుపోతే, హన్నిబాల్ వాటిని బండ్ల మీదకు ఎక్కించి ఊరి వీధుల్లోంచి లాగించి అవతలి సముద్రంలో దింపించాడు. అంటే మీరు చూస్తున్న ఈ చిన్న బిళ్ల, నెత్తిమీద శత్రువు కోట పెట్టుకుని కొట్టినది. కొంచెం పక్కకు జారిపోయిన బొమ్మ, చీలిన అంచు కనిపిస్తే విసుక్కోకండి.

క్రీ.పూ. 209లో రోమన్ సేనాని ఫాబియస్ మాక్సిమస్ ఊరిని తిరిగి పట్టుకున్నాడు. 30,000 మందిని బానిసలుగా అమ్మారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు, వెండి కుప్పలుకుప్పలుగా రోమ్‌కు పోయింది. కరిగినవి కరగగా, ఎవరో ఎక్కడో పాతిపెట్టినవి మిగిలాయి. మూడేళ్లే కొట్టారు, ఆపై దోపిడీ జరిగింది, అందుకే అరుదు.

ఇలాంటివే ఇంకో మూడు నాలుగు

తూకం కుదిరి బొమ్మ కుదరకపోతే వెంటనే పక్కన పెట్టేయకండి. అదే యుద్ధంలో, అదే లెక్కతో ఇంకొన్ని ఊళ్లు కూడా కొట్టాయి.

మెటాపొంటమ్ తారెంటమ్‌కు పక్క ఊరే. ఆ ఊరి గుర్తు బార్లీ కంకి, మన యవలు అనుకోండి. హన్నిబాల్ కాలం నాణెం మీద ఒకవైపు శిరస్త్రాణంతో ఎథీనా తల, ఇంకోవైపు ఆ కంకి, పక్కన ఆకు. ఇక్కడా మోసపోవడానికి చోటుంది, ఎందుకంటే అంతకు వందేళ్ల ముందు కూడా ఈ ఊరు శిరస్త్రాణం ఉన్న తల, కంకి వేసి పెద్ద నోమోస్‌లు కొట్టింది, కాకపోతే ఆ తల గడ్డమున్న మగవాడిది. అవి ఎనిమిది గ్రాములకు కొంచెం తక్కువ, ఇవి మూడున్నర పైన. మళ్లీ తక్కెడే దిక్కు. క్రీ.పూ. 207లో తమ్ముడు హస్‌ద్రుబాల్ చనిపోయాక హన్నిబాల్ వెనక్కి తగ్గుతూ ఈ ఊరి జనాన్నే తనతో తీసుకెళ్లిపోయాడు.

సిసిలీలో అక్రాగాస్, ఇప్పటి అగ్రిజెంతో. క్రీ.పూ. 213 నుంచి 210 దాకా కార్తేజ్ చేతిలో ఉంది. నాణెం మీద ఒకవైపు ఆకుల కిరీటం పెట్టుకున్న జ్యూస్ తల, ఇంకోవైపు రెక్కలు విప్పిన గద్ద, ఊరివాళ్ల పేరు గ్రీకులో. అరషెకెల్ 3.4 గ్రాముల దగ్గర తూగుతుంది, దానిలో సగముండే చిన్నది కూడా ఉంది. దీంతో ఒక జాగ్రత్త. సరిగ్గా అదే రోజుల్లో రోమన్లు విక్టోరియేటస్ అనే నాణెం కొట్టారు. దాని మీదా గడ్డం ఉన్న దేవుడి తలే, దాని బరువూ సుమారు 3.4 గ్రాములే. ఫోటోలో ఒకవైపే చూపిస్తే తేడా చెప్పడం కష్టం. తిరగేస్తే తెలిసిపోతుంది, అక్కడ గద్ద ఉండదు, విజయ దేవత ఆయుధాల స్తంభానికి దండ వేస్తుంటుంది, కింద రోమా అని ఉంటుంది. విక్టోరియేటస్‌లు విరివిగా దొరుకుతాయి, అక్రాగాస్‌వి దొరకవు, ధరలో తేడా మీరే ఊహించుకోండి.

ఇక బూటు ఆకారంలో ఉండే ఇటలీకి బొటనవేలు దగ్గర బ్రుట్టియమ్‌లో కార్తేజ్ వాళ్లు తమ బొమ్మలతోనే కొట్టుకున్నారు. ఒకవైపు ధాన్యపు కంకుల దండ పెట్టుకున్న తానిత్ దేవత తల, ఇంకోవైపు గుర్రం, పైన సూర్యబింబం. వీటిలో వెండి శాతం తక్కువగా ఉన్నవి కనిపిస్తాయి, రంగు కొంచెం మాసినట్టుంటుంది. అక్కడ ఎవరికీ మాటివ్వలేదేమో, దాచుకోవడం కూడా లేదు.

అసలా నకిలీనా

ఇక్కడే నా డబ్బులు పోయాయి. పేరు చెప్పను గానీ ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర సోకన్నాస్ పేరున్న నాణెం కొన్నాను. బొమ్మ బాగుంది, పేరు చక్కగా చదవొచ్చు, తూకం అడగలేదు, వాళ్లూ రాయలేదు. ఇంటికొచ్చాక తూస్తే 2.6. సరేలే అరిగిందేమో అని సర్దిచెప్పుకున్నాను, కానీ అరిగిన నాణెం మీద పేరు అంత స్పష్టంగా ఎలా ఉంటుంది అన్న ఆలోచన రావడానికి రెండు రోజులు పట్టింది. భూతద్దం పెట్టి అంచు చూస్తే చుట్టూ సన్నటి గీత, ఆకురాయితో రుద్దిన ఆనవాలు. గుర్రం కడుపు కింద సూదిమొన అంత గుంటలు, సబ్బు అరిగినట్టు నున్నటి గీతలు. పోత పోసిన సరుకు. అప్పటినుంచి తూకం రాయని అమ్మకం నాణెంతో నాకు పనిలేదు.

మీరు చూడాల్సింది ఇదే. అసలు నాణెం రెండు అచ్చుల మధ్య వేడి బిళ్లను పెట్టి సుత్తితో కొట్టినది, కాబట్టి లోహం బయటికి తోసుకుపోయిన గీతలు అంచుల వైపు పాకుతూ కనిపిస్తాయి, అంచున చిన్న చిన్న చీలికలుంటాయి, బొమ్మ అంచులు పదునుగా నేల నుంచి లేస్తాయి. పోత పోసినదానిలో అన్నీ కొంచెం కరిగిన వెన్నలా గుండ్రంగా ఉంటాయి, గాలి బుడగల గుంటలుంటాయి.

కొత్త అచ్చులు చేసి కొట్టిన నకిలీలు ఇంకా ప్రమాదం, వాటిలో పోత ఆనవాళ్లు ఉండవు. వాటికి మందు పోల్చి చూడటమే. వేలాల పాత ఫలితాలు దాచే వెబ్‌సైట్లలో, బ్రిటిష్ మ్యూజియం ఆన్‌లైన్ సేకరణలో అదే పేరున్న నాణేలన్నీ తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. ఒకే అచ్చుతో కొట్టిన రెండు అసలు నాణేల్లో బొమ్మ ఒకటే ఉంటుంది, కానీ బిళ్ల ఆకారం, చీలిక, బొమ్మ జారిన తీరు వేరేగా ఉండి తీరాలి. బొమ్మతో పాటు చీలిక కూడా అచ్చం ఒకేలా ఉన్న జంట కనిపించిందా, రెండింటిలో ఒకటి ఖాయంగా నకిలీ, బహుశా రెండూ.

ఇప్పుడు 0.001 తక్కెడ ఎందుకన్నానో. చిన్న గాజు గ్లాసులో నీళ్లు పోసి తక్కెడ మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి నీళ్లలోకి దింపండి, పూర్తిగా మునగాలి, అడుగుకూ గోడకూ తగలకూడదు, చేత్తోనే పట్టుకోవాలి. గాలి బుడగలు అంటుకుంటే నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలపండి. తక్కెడ ఒక చిన్న అంకె చూపిస్తుంది. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే లోహం సాంద్రత వస్తుంది. నా దగ్గరున్న ఒక మంచి నాణెం 3.42 గ్రాములు, నీళ్లలో 0.33 చూపించింది, భాగిస్తే 10.36. స్వచ్ఛమైన వెండి 10.49, రాగి 8.96, కాబట్టి ఇది మంచి వెండే. కానీ 0.01 తక్కెడ మీద ఆ 0.33 కాస్తా 0.32 అయితే సమాధానం 10.69 అయిపోతుంది, అదే 0.34 అయితే 10.06కు దిగుతుంది, చిన్న నాణెంతో వచ్చే ఇబ్బంది ఇదే. ఇంకో మాట, సీసం 11.34, తగరం దానికంటే చాలా తేలిక, రెండూ కలిపి వెండి అంకె తెప్పించే మాయగాళ్లున్నారు. ఈ పరీక్షలో ఓడిపోయిన నాణేన్ని నమ్మకండి, గెలిచినదాన్ని కూడా దీని ఒక్కదానితోనే నమ్మకండి. నాణెం మీద పగుళ్లుంటే అసలు నీళ్లలో ముంచొద్దు.

చేయకూడనివి

మనవాళ్లకు వెండి అంటే అలవాటైన పనులు కొన్ని ఉన్నాయి. అవన్నీ ఇక్కడ మానుకోవాలి.

బండ మీద వేసి ఖంగుమంటుందా అని వినడం. పాత రూపాయలకు మన తాతలు చేసేవాళ్లు, అప్పుడు సరే. రెండు వేల రెండు వందల ఏళ్లు మట్టిలో ఉన్న వెండి లోపల స్ఫటికంలా పెళుసుబారి ఉంటుంది, పైకి ఏమీ తెలియదు, కిందపడితే బిస్కెట్‌లా విరుగుతుంది.

గీటురాయి మీద గీయించడం. తెలిసిన కంసాలి ఉన్నాడు కదా, ఒక్క గీత గీసి చెప్పేస్తాడు అనిపిస్తుంది. ఆయన నిజమే చెబుతాడు, మీ నాణెం విలువ మాత్రం ఆ గీతతో పోతుంది.

ఇక తోమడం. మా అమ్మ మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నా పెట్టె తెరిచి చూసి, "ఏరా, ఇంత నల్లగా ఉన్నాయేంటి, వెండివేనా? కాస్త చింతపండు పెట్టి తోమి పెట్టనా?" అంది. ఆ నలుపే నాణేనికి వయసు సాక్ష్యం, అది పోతే చూసేవాళ్లకు అనుమానమే మిగులుతుంది అని చెప్తే, "మరి దేవుడి దగ్గర గిన్నెలకు ఈ మాట ఎందుకు చెప్పవు" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. చింతపండు, విభూతి, టూత్‌పేస్టు, వెండి మెరిపించే ద్రావకం, ఏదీ వద్దు. మట్టి అంటుకుని ఉంటే శుద్ధి చేసిన నీళ్లలో నానబెట్టి, వేలితో కాకుండా మెత్తటి దూదితో అద్దండి, అంతే.

దాచేటప్పుడు మెత్తగా, వాసనొచ్చే పీవీసీ కవర్లు వాడకండి, కొన్నేళ్లకు నాణెం మీద పచ్చటి జిగురు వదులుతాయి. మైలార్ (పీవీసీ కలవని ఒక రకం ప్లాస్టిక్) కవరు గానీ, యాసిడ్ లేని కాగితపు కవరు గానీ, కింద పడని చెక్క పెట్టె గానీ చాలు.

కాగితాలు

ఈ భాగం బోరు, కానీ వదిలేస్తే నాణెం కంటే పెద్ద తలనొప్పి.

తారెంటమ్, మెటాపొంటమ్, అక్రాగాస్ అన్నీ ఇటలీ నేల మీదివి. అనుమతి లేకుండా తవ్వి తీసినది ఇటలీ చట్టం ప్రకారం దొంగసొత్తు. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. పురావస్తువుల దిగుమతి మీద ఇటలీతో ఉన్న ఒప్పందంలో 2011 నుంచి ఇలాంటి పాత నాణేలు కూడా చేరాయి. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే, ఆ తేదీకి ముందే అది ఇటలీ దాటి వచ్చిందని చూపించే కాగితం కస్టమ్స్ అడగొచ్చు. అందుకే పాత వేలం కేటలాగులో ఫోటో ఉన్న నాణేనికి ఎక్కువ ఇవ్వడం దండగ కాదు. తారెంటమ్ విషయంలో అందరూ కోరుకునే పాత చిరునామా వ్లాస్తో అనే ఆయన పోగుచేసిన సేకరణ. ఆ సేకరణను 1947లో కేటలాగుగా అచ్చేశారు, అమ్మకందారులు ఇప్పటికీ తారెంటమ్ నాణేలకు ఆ కేటలాగు నంబరే రాస్తుంటారు. ఇక్కడ కొత్తవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. వ్లాస్తో అని పక్కన ఒక నంబరు రాసి ఉంటే ఆ నాణెం ఆ సేకరణలోంచి వచ్చిందని కాదు, ఆ రకం నాణెం అని మాత్రమే. నిజంగా అందులోంచి వచ్చినదైతే అమ్మేవాడు చాటింపు వేసి మరీ చెబుతాడు.

వేలంలో పాడేటప్పుడు చివరి పాట మీద 20 శాతం అటూ ఇటూ కమీషన్ కలుస్తుంది, ఆపైన పోస్టు, పన్ను. మీ బడ్జెట్‌ను ముందే 1.3తో భాగించి అక్కడ ఆగండి. నేను రెండుసార్లు ఆగలేదు.

ఇండియాలో ఉన్నవాళ్లకు, లేదా ఇండియాకు తీసుకెళ్దాం అనుకునేవాళ్లకు. మన 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దేశం నుంచి పురావస్తువులను బయటికి పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతిచ్చిన సంస్థలకే. సూట్‌కేసులో పెట్టుకుని సరదాగా మామయ్యగారికి చూపించడానికి తీసుకెళ్లిన నాణేన్ని తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో వివరించడం ఎంత కష్టమో ఆలోచించండి. నావి ఊరు దాటవు, ఫోటోలే వెళ్తాయి.

ఆ మాటకొస్తే ఈ యుద్ధం తాలూకు వెండి మన నేల దాకా ఇంకో దారిలో వచ్చింది. హన్నిబాల్‌తో పోరాడే ఖర్చులకు తట్టుకోలేక రోమ్ తన పాత వెండి నాణేన్ని పక్కన పెట్టి, క్రీ.పూ. 211 ప్రాంతంలో దినారియస్ అనే కొత్త నాణెం మొదలుపెట్టింది, అప్పట్లో దాని బరువు నాలుగున్నర గ్రాములు. రెండు వందల ఏళ్ల తర్వాత అదే దినారియస్‌లు, రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ తలలతో, వ్యాపారులతో కలిసి మన దగ్గరికొచ్చాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడిన పాతర అలాంటిదే. మన ఊళ్లలో పొలం దున్నుతుంటే ఇలాంటివి దొరికితే మాత్రం ఈ గైడు మూసేసి కలెక్టర్‌కు చెప్పండి, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ ఉంది.

చివరి పని: చీటీ రాయండి

ఇవన్నీ అయ్యాక ఒక చిన్న కాగితం తీసుకోండి. తూకం, వెడల్పు రాయండి. తర్వాత నాణేన్ని బొమ్మ నిటారుగా ఉండేలా పైనా కిందా బొటనవేలు, చూపుడువేలుతో పట్టుకుని పక్కకు తిప్పండి. బొరుసు వైపు బొమ్మ తల ఎటు తిరిగిందో గడియారం అంకెల్లో రాసుకోండి, పన్నెండు అంటే నిటారుగా ఉంది, ఆరు అంటే తలకిందులు. తర్వాత మీరు చదివిన పేరు, చదవలేని అక్షరాల దగ్గర చుక్కలు. ఎవరి దగ్గర, ఏ రోజు కొన్నారో, అంతకు ముందు ఎవరి దగ్గర ఉందో. బిల్లును ఫోటో తీసి ఇంకో చోట కూడా దాచండి.

నా చీటీ ఒకటి ఇలా ఉంటుంది: తారెంటమ్, అరషెకెల్, 3.42 గ్రాములు, 17 మిల్లీమీటర్లు, గుర్రం కింద క్రితోస్ పేరులో మొదటి మూడక్షరాలు బాగున్నాయి, మిగతావి బిళ్ల బయట పడ్డాయి, డాల్ఫిన్ తోక దగ్గర చీలిక. ధర కూడా రాస్తాను, కానీ చీటీ వెనక, పెన్సిల్‌తో, మా ఆవిడకు అర్థంకాని గ్రీకు అంకెల్లో.